అమెరికాలో పిల్లల మీద కేసు పడితే ఇక్కడి తల్లిదండ్రులు చేయవలసినవి

అమెరికాలో చదువుకుంటున్న అబ్బాయిని పోలీసులు తీసుకెళ్లారని తెలియగానే తల్లి నోటి వెంట వచ్చే మొదటి మాట ‘అసలు ఏమి చేశావు నాన్నా?’ అన్నదే. ఆ మాట ఫోనులో అడగకండి. అక్కడి జైలు నుంచి చేసే ఫోను రికార్డవుతుంది. మాటలు మొదలుకాక ముందే ఆ సంగతి వినిపిస్తారు కూడా. తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికి అర్థమవుతుందిలే అనుకోవద్దు. ప్రాసిక్యూటర్‌కు అవసరమనిపిస్తే అనువాదకుడు దొరకకపోడు. కన్నతల్లికి ఏడుస్తూ చెప్పుకున్న నాలుగు ముక్కలే రేపు కోర్టులో సాక్ష్యం కావచ్చు. లాయరుతో మాట్లాడే మాటలకు చట్టంలో రక్షణ ఉంది. అమ్మతో మాట్లాడే మాటలకు లేదు.

నేను చెన్నైలో క్రిమినల్ కేసులు చూసే లాయరును. హైకోర్టుకు ఎదురుగా తంబుచెట్టి వీధిలో మా ఆఫీసు. తెలుగు మాట్లాడే లాయరని విని నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట నుంచీ, ఇక్కడి అన్నానగర్, టి.నగర్ నుంచీ తల్లిదండ్రులు వస్తుంటారు. ఫోనులో వచ్చిన అక్కడి కోర్టు కాగితాన్ని జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని, నాలుగు మడతలు పెట్టి పట్టుకొస్తారు. అమెరికా కోర్టులో వాదించే అర్హత నాకు లేదు, ఆ మాట ముందే చెబుతాను. ఆ కాగితం చదివి కేసు ఏ దశలో ఉందో చెప్పడం, అక్కడి లాయరును ఏమేమి అడగాలో రాసివ్వడం వరకే నా పని. వచ్చినవారిలో చాలామందికి మన కోర్టుల సంగతి బాగానే తెలుసు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఎఫ్ఐఆర్, స్టేషన్ బెయిలు, ముందస్తు బెయిలు, పెద్దమనుషుల్లో రాజీ అనే లెక్కతో అక్కడి కేసును చూస్తే, మొదటి వారంలోనే చేయకూడనివి చేస్తాం.

అన్నిటికంటే పెద్ద తేడా పోలీసుల ముందు చెప్పిన మాటకు ఉన్న విలువలో ఉంది. మన దగ్గర పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా అది నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్యాధారాల చట్టంలో 25వ సెక్షన్ ఈ రక్షణ ఇచ్చేది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ ఇస్తోంది. అమెరికాలో ఇలాంటి సెక్షన్ లేదు. బలవంతం లేకుండా పోలీసుతో చెప్పిన మాట నేరుగా జ్యూరీ ముందుకు, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం ముందుకు వెళుతుంది. అందుకే అక్కడ మిరాండా హెచ్చరిక వచ్చింది. 1966లో మిరాండా వర్సెస్ అరిజోనా కేసులో వాళ్ల సుప్రీంకోర్టు, అదుపులో ఉన్న మనిషిని ప్రశ్నించే ముందు పోలీసులు కొన్ని సంగతులు చెప్పి తీరాలంది. మౌనంగా ఉండే హక్కు ఉందని, చెప్పినదాన్ని కోర్టులో వాడతారని, పక్కన లాయరును పెట్టుకోవచ్చని, డబ్బు లేకపోతే లాయరును ప్రభుత్వమే ఇస్తుందని చెప్పాలి. ‘మావాడికి ఆ హెచ్చరిక చదవలేదండీ, ఇక కేసు చెల్లదు కదా’ అని చాలామంది ఆశగా అడుగుతారు. అలా కాదు. అరెస్టు చేసి ఏమీ ప్రశ్నించకపోతే హెచ్చరిక అక్కర్లేదు. దారిలో కారు ఆపి మామూలుగా అడిగే ప్రశ్నలకూ అక్కర్లేదు. చదవవలసిన చోట చదవకపోతే, ఆ జవాబులను సాక్ష్యంగా వాడకుండా అడ్డుకోవచ్చు. అరెస్టు మాత్రం అరెస్టే.

ఊరికే నోరు మూసుకుని కూర్చుంటే కూడా సరిపోదు. మిషిగన్‌లో ఒక కాల్పుల కేసులో పట్టుబడిన థాంప్‌కిన్స్ అనే వ్యక్తి దాదాపు మూడు గంటలపాటు పోలీసుల ప్రశ్నలకు ఇంచుమించు పెదవి విప్పలేదు. చివరికి, ‘ఆ కాల్పులకు క్షమించమని దేవుణ్ణి ప్రార్థిస్తున్నావా?’ అని అడిగితే ‘అవును’ అన్నాడు. ఆ ఒక్క జవాబు సాక్ష్యంగా చెల్లుతుందని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. మౌన హక్కును వాడుకుంటున్నానని నోరు తెరిచి చెప్పాలి. పోలీసులు అబద్ధం చెప్పి మాట రాబట్టినా అంతమాత్రాన ఆ మాట చెల్లకుండా పోదని 1969 నుంచీ తీర్పు ఉంది. ‘నీ స్నేహితుడు అంతా ఒప్పేసుకున్నాడు’ అంటే అది నిజం కానక్కర్లేదు. పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పి తీరాలన్న పెంపకంలో మన పిల్లలు పెరిగారు. ఆ మర్యాదే అక్కడ వాళ్ల పాలిట ఉరితాడవుతుంది. విమానం ఎక్కే ముందే వాళ్లకు ఇది నేర్పండి: పేరు, పుట్టిన తేదీ, చిరునామా చెప్పాలి. ఆ తర్వాత, ‘నాకు లాయరు కావాలి, లాయరు లేకుండా ప్రశ్నలకు జవాబు చెప్పను’ అని మర్యాదగా అనాలి. అన్న తర్వాత మళ్లీ మాటల్లోకి దిగకూడదు.

కబురు చాలాసార్లు పిల్లల దగ్గర నుంచి రాదు, వాళ్ల రూమ్మేటు దగ్గర నుంచి వస్తుంది. అప్పుడు తెలుసుకోవలసినవి నాలుగే: ఏ రాష్ట్రం, ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది), బుకింగ్ నంబరు (జైలులో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు) ఎంత, కోర్టులో మొదటి హాజరు ఎప్పుడు. రోజూ వేసుకునే మందులు ఉంటే ఆ సంగతి జైలువాళ్లకు చెప్పించండి. జరిగిన విషయం గురించి రూమ్మేటును కూడా తవ్వకండి, రేపు అతనూ సాక్షి కావచ్చు. వాట్సాప్‌లో కుటుంబం గ్రూపులో చర్చ పెట్టకండి. ఉన్న మెసేజీలను చెరిపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, సాక్ష్యం మాయం చేయడం అక్కడ విడిగా ఇంకో నేరం.

మనిషి ఎక్కడ ఉన్నాడో మీరే చూసుకోవచ్చు. స్థానిక జైలు సాధారణంగా కౌంటీ షెరీఫ్ అనే పోలీసు అధికారి చేతిలో ఉంటుంది. షెరీఫ్ వెబ్‌సైట్లలో ఖైదీల పేర్లు వెతికే వీలు చాలాచోట్ల ఉంది. మన పేర్లతో ఒక ఇబ్బంది వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే, వీసా మీద మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (FNU, మొదటి పేరు తెలియదు అని అర్థం) అనే మూడక్షరాలు పడతాయి. జైలు జాబితాలోనూ అలాగే ఎక్కుతుంది. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, ఆ మూడక్షరాలతో ఒకసారి వెతకండి. ఏ కౌంటీలోనూ పేరు కనబడకపోతే, ఎవరో గొంతు మార్చి ‘మీ అబ్బాయిని అరెస్టు చేశాం, వెంటనే డబ్బు పంపండి’ అని మోసం చేస్తున్నారేమో కూడా ఆలోచించండి. గిఫ్టు కార్డుల్లో బెయిలు కట్టించుకునే కోర్టు ఏ రాష్ట్రంలోనూ లేదు.

ఇక కాగితం. పై వరుసలో ‘స్టేట్ ఆఫ్ టెక్సాస్ వర్సెస్’ అనో, న్యూయార్క్, కాలిఫోర్నియా అయితే ‘పీపుల్’ అనో, పెన్సిల్వేనియా అయితే ‘కామన్‌వెల్త్’ అనో ఉంటుంది. ‘యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా’ అని ఉంటే అది కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫెడరల్ కేసు. మనకు దేశమంతటికీ ఒకే న్యాయ సంహిత ఉంటే, అక్కడ ప్రతి రాష్ట్రానికీ తన శిక్షాస్మృతి, తన కోర్టులు, తన పద్ధతులు ఉన్నాయి. కాబట్టి న్యూజెర్సీలో ఉన్న మేనల్లుడి అనుభవం డాలస్‌లో ఉన్న మీ అమ్మాయికి పనికిరాకపోవచ్చు. ఏ రాష్ట్రంలో కేసు పడిందో ఆ రాష్ట్రంలో వాదించే అనుమతి ఉన్న లాయరే కావాలి. ఆ అనుమతి ఉందో లేదో రాష్ట్ర బార్ (లాయర్ల సంఘం) వెబ్‌సైటులో పేరు కొట్టి చూడవచ్చు.

ఆ పై వరుసలో ఫిర్యాదు చేసినవారి పేరు ఉండదు, గమనించండి. కేసు రాష్ట్రానిది. దాన్ని నడిపేది కౌంటీ ప్రాసిక్యూటర్, ఎక్కువ చోట్ల డిస్ట్రిక్ట్ అటార్నీ అంటారు. చాలా రాష్ట్రాల్లో ఆ పదవికి ప్రజలు ఓటు వేసి ఎన్నుకుంటారు. ఫిర్యాదుదారు ‘నాకు కేసు వద్దు’ అన్నా కొనసాగించాలా వద్దా అన్నది ఆ ప్రాసిక్యూటర్ ఇష్టం. రాజీ పత్రం రాసుకుని హైకోర్టులో కేసు కొట్టేయించుకునే మన దారి అక్కడ లేదు.

ఈ సంగతి తెలియక అన్యాయంగా నష్టపోయేది భార్యాభర్తల గొడవల్లోనే. పొరుగువారు పోలీసులను పిలిచారు, అబ్బాయిని తీసుకెళ్లారు. విడుదల చేసేటప్పుడు భార్యను కలవకూడదు, ఫోను చేయకూడదు అని కోర్టు ఆర్డరు ఇస్తుంది. చాలాసార్లు అందులో ‘ఇతరుల ద్వారా కూడా’ అన్న మాట ఉంటుంది. ఆ ఇతరులు అంటే మీరే. నెల్లూరు నుంచి మామగారు కోడలికి ఫోను చేసి ‘కేసు వాపసు తీసుకో తల్లీ’ అని బతిమాలితే అబ్బాయి ఆర్డరును ఉల్లంఘించినట్టు లెక్క కట్టవచ్చు, సాక్షిని ప్రభావితం చేయడమని కొత్త కేసూ పెట్టవచ్చు. కోడలి తల్లిదండ్రుల ఇంటికి మధ్యవర్తులను పంపడం కూడా అదే కిందికి వస్తుంది. ఇంట్లో నిజంగా దెబ్బలు తిన్న అమ్మాయికి ఆ ఆర్డరే అండ అన్న సంగతి కూడా మరవద్దు. ఆమెతో ఏది చెప్పాలన్నా లాయర్ల ద్వారానే చెప్పాలి.

పై వరుస తర్వాత చూడవలసింది నేరం పేరు, దాని తరగతి. ఒక తండ్రి తెచ్చిన కాగితం ఉదాహరణగా చెబుతాను. టెక్సాస్‌లో పెద్ద షాపులో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా తీసుకెళ్లిందని వాళ్ల అమ్మాయి మీద కేసు. నేరం: దొంగతనం, 100 డాలర్ల నుంచి 750 డాలర్ల లోపు. తరగతి: క్లాస్ బి మిస్‌డిమీనర్. అంటే గరిష్ఠంగా 180 రోజుల జైలు, 2,000 డాలర్ల జరిమానా. ఆ పెద్దాయన 180 రోజులు అన్న మాట దగ్గరే ఆగిపోయి కళ్లు తుడుచుకున్నారు. మొదటిసారి కేసు పడిన విద్యార్థికి అంత శిక్ష పడటం అరుదని చెప్పాను. కానీ ఆ అంకెను ఇంకో కారణం కోసం చూడాలి. మిస్‌డిమీనర్లు చిన్న నేరాలు, చాలా రాష్ట్రాల్లో ఒక సంవత్సరం దాటని శిక్ష ఉంటుంది. అంతకంటే ఎక్కువ శిక్ష పడగలిగినవి ఫెలనీలు. విదేశీయులకు ఈ సంవత్సరం అన్న గీటు దగ్గరే అసలు కథ ఉంది. అమెరికాలో ప్రవేశం పొందిన 5 సంవత్సరాల లోపు, నైతిక పతనం కిందికి వచ్చే నేరం చేసి దోషిగా తేలితే, ఆ నేరానికి ఒక సంవత్సరం లేదా అంతకంటే ఎక్కువ శిక్ష వేసే వీలుంటే దేశం నుంచి పంపించవచ్చు. దొంగతనం సాధారణంగా ఆ కోవలోకే వస్తుంది. జడ్జి నిజంగా ఎంత శిక్ష వేశారన్నది కాదు, చట్టం ఎంతవరకు వేయనిస్తుందన్నది లెక్క. టెక్సాస్‌లో క్లాస్ ఎ నేరానికి పరిమితి సరిగ్గా ఒక సంవత్సరం. కాలిఫోర్నియా 2015లో, న్యూయార్క్ 2019లో తమ మిస్‌డిమీనర్ల గరిష్ఠ శిక్షను 364 రోజులకు తగ్గించుకున్నాయి. ఆ ఒక్క రోజు తగ్గింపు వల్ల కొన్ని వేల మైళ్ల దూరం నుంచి వచ్చిన పిల్లలు చదువు పూర్తి చేసుకోగలరు.

బెయిలు విషయానికి వస్తే, ముందస్తు బెయిలు అన్నది అక్కడ లేదు. వారంటు లేకుండా అరెస్టు చేస్తే సాధారణంగా 48 గంటల లోపు న్యాయాధికారి ఆ అరెస్టుకు తగిన ఆధారం ఉందో లేదో చూడాలి. బెయిలు కొన్నిసార్లు సొంత పూచీ మీద ఇస్తారు, కొన్నిసార్లు డబ్బు కట్టమంటారు. మొత్తం కోర్టులో కడితే, హాజరీలన్నీ సక్రమంగా ఉంటే కేసు చివర తిరిగి వస్తుంది, కొన్నిచోట్ల కొంత రుసుము పట్టుకుంటారు. బెయిల్ బాండ్ వ్యాపారి దగ్గరకు వెళితే మొత్తంలో ఇంచుమించు 10 శాతం తీసుకుని పూచీ ఇస్తాడు. ఆ 10 శాతం ఇక మీది కాదు. ఇల్లినాయ్ 2023 సెప్టెంబరు నుంచి డబ్బు బెయిలును పూర్తిగా ఎత్తేసింది, అక్కడ ఎవరైనా బెయిలు డబ్బు అడిగితే అనుమానించండి. డబ్బు కట్టే ముందు లాయరును ఒక ప్రశ్న అడగండి: ఇమిగ్రేషన్ శాఖ నుంచి ఏదైనా డిటెయినర్ (వదిలేముందు తమకు అప్పగించమని జైలుకు పంపే కాగితం) ఉందా? ఉంటే, ఇక్కడ బెయిలు కట్టగానే పిల్లవాడు ఇంటికి కాక ఇమిగ్రేషన్ నిర్బంధానికి వెళ్లవచ్చు.

లాయరు ఫీజు కట్టే స్తోమత లేనివారికి ప్రభుత్వం ఇచ్చే లాయరును మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. ఆ చూపు తప్పు. క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడు ఫ్లోరిడా జైలులో కూర్చుని పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు. 1963లో అతని కేసులో వచ్చిన తీర్పు వల్లే ఫెలనీ కేసుల్లో పేదలకు రాష్ట్రం లాయరును ఇచ్చి తీరవలసి వచ్చింది. మళ్లీ విచారణ జరిగినప్పుడు, లాయరు పక్కన ఉండగా, గిడియన్ నిర్దోషిగా బయటపడ్డాడు. 1972లో ఈ హక్కు జైలుశిక్ష పడే చిన్న కేసులకూ వచ్చింది. పబ్లిక్ డిఫెండర్లు అనే ఈ ప్రభుత్వ లాయర్లకు పని భారం ఎక్కువే, నిజం. కానీ వాళ్లు రోజూ నిలబడేది ఆ జడ్జి ముందే, ఆ ప్రాసిక్యూటర్‌తోనే. సొంత ఆదాయం లేని విద్యార్థి అడిగితే చాలాసార్లు దొరుకుతారు. ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఇది అడిగి చూడండి. మిగిలిన డబ్బు ఇమిగ్రేషన్ లాయరుకు పెట్టండి, ఆ లాయరును ప్రభుత్వం ఇవ్వదు.

ఇద్దరు లాయర్లు ఎందుకో ఇప్పుడు చెబుతాను, ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. అమెరికాలో చాలా కేసులు విచారణ దాకా రావు. శిక్షలు పడిన వాటిలో ఫెడరల్ కేసులైతే 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నిందితులు నేరం ఒప్పుకున్నవేనని 2012లో సుప్రీంకోర్టే తన తీర్పులో రాసింది. ప్రాసిక్యూటర్ ఒక ఒప్పందం ఇస్తాడు: దీనికి ఒప్పుకుంటే జైలు లేదు, కొన్నాళ్లు ప్రొబేషన్ (షరతులతో కోర్టు నిఘాలో ఉండటం), సాయంత్రానికి ఇంట్లో ఉండవచ్చు. రెండు రాత్రులు నిద్ర లేని పిల్లవాడికి అది వరంలా కనిపిస్తుంది. ఇక్కడ బంధువులు కూడా ‘సంతకం పెట్టి బయటపడమను’ అని తొందరపెడతారు. దయచేసి తొందరపెట్టకండి. టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఒక పద్ధతి ఉంది. నేరం ఒప్పుకుంటారు, జడ్జి దోషి అని ప్రకటించకుండా ఆపి ఉంచుతారు, గడువు సవ్యంగా గడిస్తే కేసు కొట్టేస్తారు. రాష్ట్ర చట్టం దృష్టిలో శిక్ష పడనట్టే. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో మాత్రం శిక్ష పడినట్టే, ఎందుకంటే ఒప్పుకోలు ఉంది, ఏదో ఒక ఆంక్ష ఉంది. తర్వాత రికార్డు చెరిపించుకున్నా ఇమిగ్రేషన్ వారికి అది సాధారణంగా చెరగదు. అదే, నేరం ఒప్పుకోకుండా ముందే డైవర్షన్ కార్యక్రమంలో (షరతులు పూర్తి చేస్తే కేసు వదిలేసే ఏర్పాటు) చేరే అవకాశం దొరికితే ఫలితం వేరుగా ఉంటుంది. రెండు ఒప్పందాలూ ‘కేసు కొట్టేస్తారు’ అనే చెబుతాయి. మీ పిల్లల భవిష్యత్తు ఆ రెండింటి మధ్య ఉన్న తేడాలో ఉంది.

నలభై ఏళ్లకు పైగా అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉంటూ, వియత్నాం యుద్ధంలో ఆ దేశం తరఫున పనిచేసిన హోసే పాడిల్లా అనే లారీ డ్రైవరు, ఇమిగ్రేషన్ భయం లేదని తన లాయరు చెబితే నమ్మి కెంటకీలో గంజాయి రవాణా కేసు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలే దేశ బహిష్కరణకు దారి తీసింది. 2010లో సుప్రీంకోర్టు, ఒప్పందం వల్ల దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంటే ఆ మాట నిందితుడికి చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని తీర్పునిచ్చింది. కాబట్టి ‘మా అబ్బాయి వీసా మీద ఈ ఒప్పందం ప్రభావం ఏమిటో ఇమిగ్రేషన్ లాయరుతో రాయించి ఇవ్వండి’ అని అడిగే హక్కు మీకు ఉంది. సంతకానికి ముందు అడగండి. తాగి కారు నడిపిన కేసులో మరో మెలిక కూడా ఉంది: దోషిగా తేలకముందే, అరెస్టు సంగతి తెలిసి వీసాను రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది.

ఒప్పందం కుదరకపోతే జ్యూరీ విచారణ. ఫెలనీ కేసుల్లో సాధారణంగా 12 మంది కూర్చుంటారు, దోషి అని చెప్పాలంటే అందరూ ఏకగ్రీవంగా ఉండాలని 2020లో అన్ని రాష్ట్రాలకూ ఖాయమైంది. ఒకసారి నిర్దోషి అని తేలితే మన దగ్గరిలా ప్రభుత్వం అప్పీలు చేయడానికి లేదు. అక్కడితో అయిపోయినట్టే.

కాన్సులేట్ సంగతి: 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం, పట్టుబడిన విదేశీయుడు కోరితే వాళ్ల దేశ కాన్సులేట్‌కు పోలీసులు తెలియజేయాలి. కోరాలి, అది ముఖ్యం. హ్యూస్టన్, షికాగో, అట్లాంటా, న్యూయార్క్ వంటి చోట్ల మన కాన్సులేట్లు ఉన్నాయి. వాళ్లు వెళ్లి చూడగలరు, లాయర్ల జాబితా ఇవ్వగలరు, కుటుంబానికి కబురు చేయగలరు. విడిపించలేరు. వాదనలు ఆన్‌లైన్‌లో చూపే కోర్టు అయితే గడియారం చూసుకోండి: డాలస్‌లో ఉదయం 9 గంటలంటే వేసవిలో మనకు రాత్రి 7.30, చలికాలంలో 8.30. ఫెడరల్ కేసు కాగితాలు పేసర్ అనే వెబ్‌సైటులో పేజీకి 10 సెంట్ల చొప్పున దొరుకుతాయి, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే ఆ డబ్బు కూడా అడగరు.

కేసు ఎలా ముగిసినా ఒక పని మిగిలి ఉంటుంది. వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంది. కేసు కొట్టేసినా జవాబు ‘అవును’ అనే రాయాలి. వేలిముద్రలు వాళ్ల దగ్గర ఉన్నాయి, దాచితే అబద్ధమాడారన్న ముద్ర కేసు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. అన్నాసాలైలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లే రోజున చేతిలో ఉండవలసింది కోర్టు గుమస్తా ముద్రతో ధ్రువీకరించిన తుది ఉత్తర్వు ప్రతి. దాని మీద నేరం పేరు, ఫలితం, తేదీ స్పష్టంగా కనబడాలి. కొన్నేళ్లు గడిస్తే చిన్న కోర్టుల్లో పాత ఫైళ్లు దొరకడం కష్టమవుతుంది. అందుకని కేసు ముగిసిన వారంలోనే ఫీజు కట్టి రెండు మూడు ప్రతులు తెప్పించుకుని, ఒకటి పిల్లల దగ్గర ఉంచి మిగిలినవి ఇక్కడ మీ దగ్గర దాచండి.